ప్రాణం దక్కిన తరువాత: మెదడువాపు మందు, మరచిపోయే మెదడు

జ్వరం వచ్చి తగ్గుముఖం పట్టిన రోజులలో కొందరికి పెదవి అంచున నీటి పొక్కులు లేస్తాయి. వాటిని జ్వరపు పొక్కులు అంటాము. రెండు మూడు రోజులు చురుక్కుమని బాధించి, చెక్కు కట్టి, వారం పది రోజులలో రాలిపోతాయి. వీటికోసం ఎవరూ వైద్యుని వద్దకు పోరు. పోవలసిన అవసరమూ సాధారణంగా ఉండదు. ఈ పొక్కులను పుట్టించేది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరసు. పెద్దలలో చాలమంది శరీరాలలో ఇది ఉన్నది. చిన్నతనంలోనే నోటి ద్వారా ప్రవేశించి, ముఖానికి స్పర్శ తెలియజేసే నాడి మొదట్లో, పుర్రె అడుగున ఉండే ఒక నాడీకణుపులో చేరి, జీవితాంతం నిద్రపోతూ ఉంటుంది. ఒంట్లో బలం తగ్గినప్పుడు మేలుకొని, నాడి వెంట పెదవి దాకా నడిచివచ్చి, తిరిగి నిద్రలోకి జారుకుంటుంది.

ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకరిలో, ఈ వైరసు మెదడును ముట్టడిస్తుంది. అప్పుడు వచ్చేదే హెర్పిస్ మెదడువాపు. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ఏటా 10 లక్షల మందిలో ఇద్దరు మొదలు నలుగురికి ఈ జబ్బు వస్తుంది. ఆ రేటే మనకూ వర్తిస్తుందని అనుకుంటే, 2011 జనాభా లెక్కలలో దాదాపు 28 లక్షల మంది ఉన్న నాటి ఖమ్మం జిల్లాలో, అనగా సత్తుపల్లి మొదలు భద్రాచలం అడవుల దాకా, ఏటా ఆరుగురు మొదలు పదకొండుగురికి ఇది రావాలి. సంఖ్య చిన్నదే. కాని ఈ జబ్బుకు మందు లేని రోజులలో పదిమందికి వస్తే ఏడుగురు చనిపోయేవారు. ఈనాడు సకాలంలో మందు పడితే ఎక్కువమంది బ్రతుకుతున్నారు. బ్రతికి ఇంటికి వచ్చిన వారిలో అనేకులు మాత్రం, నిన్న ఇంటికి ఎవరు వచ్చారని అడిగితే తెల్లబోతున్నారు. ప్రాణాన్ని కాపాడినంత బాగా ఆ మందు జ్ఞాపకాన్ని కాపాడలేకపోయినది. ఎందుకు కాపాడలేకపోయినదో తెలియాలంటే దాని చరిత్ర తెలియాలి. ఆ చరిత్రలో మొదటి అధ్యాయానికి చెందిన ఒక వ్యక్తి మనకు దగ్గరివాడే. సత్తుపల్లినుండి ఆగ్నేయంగా కొన్ని గంటలు ప్రయాణంచేస్తే వచ్చే భీమవరం ఆయన జన్మస్థలం.

భాస్వరం కొలిచినవారు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికాలోని బోస్టను నగరం చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రజ్ఞుని వద్ద పనికి కుదిరారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించారు. జీవరసాయనం చదివే విద్యార్థులకు ఆ పద్ధతి నేటికీ ఫిస్కే–సుబ్బారావుల పేరుతోనే పరిచయం. కొలత చేతికి వచ్చిన పిమ్మట కొత్త పదార్థాలు బయటపడినవి. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదని 1927లోను, ఎ.టి.పి. అనే మరొక పదార్థం ఉన్నదని 1929లోను వారు తెలియజేశారు. ఎ.టి.పి.ని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

ఈ ఎ.టి.పి. ఏమిటో ఇక్కడ కొంచెం గుర్తుంచుకోవలెను. కథలో ఇది మళ్ళీ వస్తుంది. అడినోసిన్ అనే అణువునకు మూడు ఫాస్ఫేటు ముక్కలు గొలుసువలె తగిలిస్తే ఎ.టి.పి. అవుతుంది. జీవకణం ఏ పని చేయదలచినా ఈ గొలుసునుండి ఒక ఫాస్ఫేటు ముక్కను తెంచి వాడుకుంటుంది. చేతిఖర్చుకు చిల్లర ఎట్టిదో కణానికి ఎ.టి.పి. అట్టిది.

అదే శాఖలో అదే కాలంలో జార్జి హిచింగ్స్ అనే యువకుడు డాక్టరేటు కొరకు పనిచేస్తూ ఉండేవాడు. ప్యూరినులు అనే పదార్థాలను అతి తక్కువ పరిమాణాలలో కొలవడం అతని పరిశోధనాంశం. 1933లో పట్టం పుచ్చుకున్నాడు. ఎ.టి.పి.లో ఉండే అడినిన్, దాని సోదరపదార్థమైన గ్వానిన్ ఈ ప్యూరినుల జాతివే. ఫిస్కే అసూయవల్ల సుబ్బారావు కృషి వెలుగు చూడలేదనీ, ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను తరువాత ఇతరులు మరల కనుగొనవలసి వచ్చిందనీ హిచింగ్స్ తదనంతర కాలంలో చెప్పినట్లు ప్రసిద్ధి. హార్వర్డులో స్థిరమైన పదవి దొరకక సుబ్బారావు 1940లో లెడర్లీ ఔషధ సంస్థకు వెళ్ళిపోయారు. అక్కడ ఫోలికామ్లం మీద, కాన్సరు మందుల మీద ఆయన చేయించిన పని జగద్విదితం. 1948 ఆగస్టులో కన్నుమూశారు.

ఎసైక్లోవిర్‌ను సుబ్బారావు కనుగొన్నారని ఎవరైనా అంటే అది నిజం కాదు. అభిమానంతో చరిత్రను సాగదీయరాదు. నిజమేమనగా, ప్యూరినులను, ఫాస్ఫేటులను చేతితో పట్టుకుని కొలిచే విద్య వర్ధిల్లిన ఇంట్లో ఆయన పెద్దకొడుకు వంటివాడు. అదే ఇంట్లో చదువుకొని బయటికి వెళ్ళినవాడు హిచింగ్స్.

దొంగ ఇటుక

హిచింగ్స్ 1942లో న్యూయార్కు సమీపంలోని టకహో వద్ద బరోస్ వెల్కమ్ సంస్థ పరిశోధనాలయంలో చేరాడు. 1944లో గెర్ట్రూడ్ ఎలియన్ అనే 26 ఏళ్ళ యువతిని సహాయకురాలిగా తీసుకున్నాడు. ఆమె రసాయన శాస్త్రంలో దిట్ట. స్త్రీ అయినందున ప్రయోగశాలలు పని ఇవ్వనిరోజులవి. యుద్ధం మూలంగా మగవారి కొరత ఏర్పడి ఆమెకు తలుపు తెరుచుకున్నది. ఉద్యోగంచేస్తూ డాక్టరేటు పూర్తిచేయడం సాధ్యంకాక దానిని వదులుకున్నది.

వారి ఊహ చాల సులభమైనది. కణం రెండుగా చీలాలన్నా, వైరసు వృద్ధిపొందాలన్నా, డి.ఎన్.ఏ. అనే వంశసూత్రానికి కొత్త ప్రతులు తయారుకావాలి. ఆ సూత్రం ఇటుకల వరుస వంటిది. అడినిన్, గ్వానిన్ ఆ ఇటుకలలో రెండు. చూడడానికి అసలు ఇటుకవలె ఉండి, గోడలో పెట్టగానే పని చెడగొట్టే దొంగ ఇటుకను మనమే తయారుచేసి అందించగలిగితే శత్రువు కట్టే గోడ ఆగిపోతుంది గదా! ఈ మార్గంలోనే వారు ల్యుకీమియాకు, గౌటు వాతానికి, మలేరియాకు మందులు తయారుచేశారు. 1948 నాటికే వారి పదార్థం ఒకటి మశూచికి బంధువైన వాక్సీనియా వైరసును ప్రయోగశాలలో అణచినది. కాని అది శరీరానికీ విషమే కాబట్టి పక్కన పెట్టవలసి వచ్చినది.

ఇరవై ఏళ్ళు గడచినవి. ఈలోగా కరీబియన్ సముద్రపు స్పంజిలో దొరికిన విచిత్ర పదార్థాలను చూసి ఇతర శాస్త్రజ్ఞులు విడారబిన్ అనే దొంగ ఇటుకను తయారుచేశారు. అది హెర్పిస్ జాతి వైరసులను అణచగలదని తెలిసినప్పుడు, 1968లో, ఎలియన్ తన పాత పదార్థాల దుమ్ము దులిపినది. ఆమె సహచరుడు హోవార్డ్ షేఫర్ మరొక చమత్కారం చేశాడు. అసలు ఇటుకలో గ్వానినుకు ఒక చక్కెర ఉంగరం తగిలి ఉంటుంది. అతడు ఆ ఉంగరాన్ని తెంపి, తోకవంటి చిన్న ముక్కను మాత్రం మిగిల్చాడు. చక్రం లేనిది కాబట్టి దానికి ఎసైక్లోవిర్ అని పేరు వచ్చినది. 1974లో ఇది హెర్పిస్ మీద పనిచేస్తుందని గుర్తించారు. 1977లో లోకానికి వెల్లడిచేశారు.

ఆశ్చర్యం దాని శక్తిలో లేదు, దాని సాధుత్వంలో ఉన్నది. ఎసైక్లోవిర్ ఉన్నది ఉన్నట్లుగా పనిచేయదు. దానికి మూడు ఫాస్ఫేటు ముక్కలు తగిలించాలి. మొదటి ముక్కను తగిలించే పని మన కణంలోని ఎంజైములు దాదాపు చేయవు. హెర్పిస్ వైరసు తన అవసరం కొరకు తయారుచేసుకునే ఎంజైము మాత్రం చురుకుగా చేస్తుంది. తరువాతి రెండు ముక్కలను కణంలోని ఎంజైములు తగిలిస్తాయి. అనగా వైరసు చేరని కణంలో ఈ మందు ఊరకే తిరిగి బయటికి పోతుంది. వైరసు చేరిన కణంలో వైరసే దానికి పదును పెడుతుంది. పదునుపడిన మందు డి.ఎన్.ఏ. గొలుసులో చేరగానే, తరువాతి ఇటుకను పట్టుకునే కొక్కెం దానికి లేనందున గొలుసు అక్కడితో తెగిపోతుంది. ఆ ఫాస్ఫేటు ముక్కలను సరఫరాచేసేది ఏది? 1929లో సుబ్బారావు గుర్తించిన ఎ.టి.పి.యే.

1988లో హిచింగ్స్‌కు, ఎలియన్‌కు, బ్రిటనుకు చెందిన జేమ్స్ బ్లాక్‌కు కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు.

పుర్రె తెరిచి చూసిన రోజులు

మందు ఉన్నంతమాత్రాన రోగికి మేలు జరిగినదని చెప్పలేము. అది హెర్పిస్ మెదడువాపే అని ముందు తేలవలెను. 1970 దశకంలో దీనికి ఒకే దారి ఉండేది: పుర్రెకు చిల్లుపెట్టి, మెదడునుండి చిన్న ముక్క తీసి, అందులో వైరసు ఉన్నదా అని చూడడం. అమెరికాలో రిచర్డ్ విట్లీ, ఆయన సహచరులు ఈ విధంగా నిర్ధారించిన 28 మంది రోగులపై విడారబిన్‌ను పరీక్షించి 1977లో ఫలితం ప్రకటించారు. మందు లేని ద్రావకం మాత్రమే పొందిన పదిమందిలో ఏడుగురు చనిపోయారు; మందు పొందిన 18 మందిలో ఐదుగురు చనిపోయారు. చరిత్రలో మొదటిసారిగా ఒక వైరసు మెదడువాపు మందుకు లొంగినది.

ఆ తరువాత ఎసైక్లోవిర్ రంగంలోకి వచ్చినది. స్వీడనులో షోల్డెన్‌బర్గ్ బృందం 1984లో ప్రకటించిన పరీక్షలో విడారబిన్ పొందినవారిలో సగంమంది చనిపోతే, ఎసైక్లోవిర్ పొందినవారిలో నూటికి 19 మంది మాత్రమే చనిపోయారు. 1986లో విట్లీ బృందపు ఫలితాలు వచ్చినవి. 208 మందికి మెదడు ముక్క తీసి చూస్తే అసలు జబ్బు ఉన్నది 69 మందికే! విడారబిన్ వర్గంలో నూటికి 54 మంది, ఎసైక్లోవిర్ వర్గంలో 28 మంది చనిపోయారు. అంతటితో విడారబిన్ కథ ముగిసినది. మూడవ వంతు రోగులకే ఉన్న జబ్బు కొరకు అందరి పుర్రెలూ తెరవడం ఎంత కష్టమైన నిర్ణయమో ఈనాటి విద్యార్థి ఊహించలేడు. 1990 దశకంలో పి.సి.ఆర్. పరీక్ష వచ్చి, వెన్నెముకనుండి తీసిన కొద్ది చుక్కల నీటిలో వైరసు డి.ఎన్.ఏ.ను పట్టుకోవడం సాధ్యమైన పిమ్మట ఆ బాధ తప్పినది.

పై నివేదికలలోనే మరొక అంకె ఉన్నది. 1986 పరీక్షలో ఎసైక్లోవిర్ పొందిన 32 మందిలో ఆరు నెలల తరువాత మామూలుగా జీవిస్తున్నవారు 12 మంది మాత్రమే. చావు అంకెల వెలుగులో ఈ అంకె మీద పత్రికల దృష్టి అంతగా పడలేదు. బ్రతికి, మామూలుగా లేనివారికి ఏమైనది?

సముద్రపు గుర్రం

కణతల లోపలి వైపున, మెదడు అడుగున, రెండు పక్కలా వంపు తిరిగిన చిన్న భాగం ఒకటి ఉన్నది. 1587లో ఇటలీలోని బొలోన్యాకు చెందిన అరాన్షియస్ అనే శరీరశాస్త్రజ్ఞుడు దాని ఆకారం చూసి సముద్రపు గుర్రమనే చేపను తలచుకొని హిప్పోకాంపస్ అని పేరు పెట్టాడు. దాని పని ఏమిటో తెలియడానికి మరి మూడున్నర శతాబ్దాలు పట్టినది. 1953లో అమెరికాలో స్కోవిల్ అనే శస్త్రవైద్యుడు తీవ్రమైన మూర్ఛలతో బాధపడే 27 ఏళ్ళ యువకునికి ఈ భాగాలను రెండు పక్కలా తొలగించాడు. మూర్ఛలు తగ్గినవి. తెలివి తగ్గలేదు. కాని ఆనాటినుండి అతనికి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. ఇప్పుడే మాట్లాడి బయటికి వెళ్ళిన వైద్యుడు మళ్ళీ గదిలోకి వస్తే కొత్త మనిషే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు అతనిని ఏళ్ళ తరబడి పరీక్షించి, 1957లో స్కోవిల్‌తో కలిసి ప్రకటించిన వ్యాసం జ్ఞాపకశాస్త్రానికి పునాది అయినది. అతడు 2008లో చనిపోయేదాకా శాస్త్రగ్రంథాలలో హెచ్.ఎం. అనే రెండక్షరాలతోనే ప్రసిద్ధుడు.

మిల్నర్ చేసిన ఒక ప్రయోగం ఉపాధ్యాయులకు ఆసక్తికరం. అద్దంలో చూస్తూ నక్షత్రపు బొమ్మను గీతల మధ్య దిద్దమని అతనికి ఇచ్చినది. మనకూ మొదట చేయి తడబడే పని అది. రోజు రోజుకూ అతని చేయి కుదిరినది, తప్పులు తగ్గినవి. ప్రతిరోజూ మాత్రం ఈ పని తాను ఎన్నడూ చేయలేదనే అన్నాడు. అనగా జ్ఞాపకం ఒక్కటి కాదు. చేతికి వచ్చే విద్య ఒకచోట, జరిగిన సంగతి మరొకచోట నిలుస్తాయి.

శస్త్రవైద్యుని కత్తి హెచ్.ఎం.కు చేసిన పనినే హెర్పిస్ వైరసు తన రోగులకు చేస్తుంది. మెదడులో ఇతర చోట్లను చాలవరకు విడిచి, కణతల లోపలి భాగాలమీద, కనుబొమల వెనుక అడుగు భాగం మీద అది పడుతుంది. అక్కడ వాపు, రక్తస్రావం, కణనాశం కలుగుతాయి. క్లిఫర్డ్ రోజ్, చార్లెస్ సైమండ్స్ అనే ఇంగ్లీషు వైద్యులు మెదడువాపునుండి కోలుకొని జ్ఞాపకం మాత్రం పోగొట్టుకున్న నలుగురు రోగులను గురించి 1960లోనే వ్రాశారు. మందు లేని ఆ రోజులలో అట్టివారు అరుదు, ఎందుకనగా బ్రతికినవారే అరుదు. మందు వచ్చిన పిమ్మట వారి సంఖ్య పెరిగినది.

వీరిలో లోకమంతా ఎరిగినవాడు ఇంగ్లండు సంగీత విద్వాంసుడు క్లైవ్ వేరింగ్. 1985 మార్చిలో జబ్బుపడ్డాడు. కోలుకున్న తరువాత ఆయన జ్ఞాపకం కొన్ని సెకండ్లకు మించి నిలవలేదు. తాను ఇప్పుడే మొదటిసారి మేలుకొన్నానని డైరీలో వ్రాసుకొని, కొద్ది నిమిషాలకు ఆ మాట కొట్టివేసి, మళ్ళీ అదే వ్రాసేవాడు. కాని పియానో ముందు కూర్చుంటే వ్రేళ్ళు తప్పు లేకుండా నడిచేవి. అద్దంలో నక్షత్రం దిద్దిన చేయి గుర్తుకు వస్తున్నది గదా!

ఇంతకన్న విచిత్రమైన నష్టాన్ని లండనులో ఎలిజబెత్ వారింగ్టన్, టిమ్ షాలిస్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు 1984లో తెలియజేశారు. హెర్పిస్ మెదడువాపునుండి కోలుకున్న కొందరు చేతిసంచీ, గుడారం వంటి వస్తువులను గురించి అడిగితే చక్కగా వర్ణించారు. చిలుక అనగా ఏమిటని అడిగితే చెప్పలేకపోయారు. ప్రాణమున్న వస్తువుల జ్ఞానం పోయి, చేతితో చేసిన వస్తువుల జ్ఞానం మిగిలినది. ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన పెద్దాయన కోడిని చూసి తెల్లబోయి, కొడవలిని చూసి సరిగా పేరు చెబితే ఇంట్లోవారు దానిని పిచ్చి అనుకుంటారు. అది పిచ్చి కాదు.

బాగైనది అనే మాట

న్యూజీలండులోని వైద్యులు 1997లో ఒక వ్యాసం ప్రకటించారు. ఎసైక్లోవిర్ పొందిన 42 మంది రోగులలో బ్రతికినవారిని చాలాకాలం తరువాత పిలిచి నిదానంగా పరీక్షించారు. నూటికి 70 మందిలో కొత్త సంగతులను నిలుపుకునే శక్తి దెబ్బతిన్నది. 65 మందికి వాసన తెలియదు. పొయ్యిమీద పోపు మాడినా పక్క గదిలోని వారు చెప్పవలసిందే. 45 మంది స్వభావం మారినది. సుమారు నాలుగోవంతుకు మూర్ఛలు వచ్చినవి. ఆసుపత్రి చీటీలో వీరిలో చాలమందిని గురించి బాగైనది అనే వ్రాసి ఉంటారు. నా అభిప్రాయంలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన మలుపు మందు కనుగొన్నరోజు కాదు, ఈ మాటను వైద్యులు అనుమానించడం మొదలుపెట్టిన రోజు.

మందు ఇంత మంచిదైనప్పుడు జ్ఞాపకం ఎందుకు పోతుంది? ఎసైక్లోవిర్ వైరసు కొత్త ప్రతులు కట్టకుండా ఆపుతుంది, అంతే. అప్పటికే చనిపోయిన నాడీకణం తిరిగి రాదు. ఇంట్లో మంట ఆర్పిన నీరు కాలిన దూలాన్ని మొలిపించలేదు గదా. ఐతే మందును ఇంకా ఎక్కువరోజులు ఇస్తే? ఈ ప్రశ్నకూ జవాబు వెదికారు. రక్తనాళంలోకి ఎక్కించే చికిత్స పూర్తి అయిన రోగులలో కొందరికి అదే జాతి మందును మూడు నెలలపాటు మాత్రలుగా ఇచ్చి, ఇతరులకు ఉత్త మాత్రలు ఇచ్చి, ఏడాది తరువాత పోల్చారు. 2015లో ప్రకటించిన ఫలితం: తేడా లేదు.

మరొక సంగతి కొత్తగా తెలిసినది. కొందరు రోగులు కోలుకుంటూ కోలుకుంటూ ఒకటి రెండు నెలలలో మళ్ళీ దిగజారుతారు. మాటలో, ప్రవర్తనలో వింత మార్పు వస్తుంది. పసిపిల్లలలో చేతులు కాళ్ళు అదేపనిగా మెలికలు తిరుగుతాయి. వైరసు తిరగబెట్టినదని పూర్వం అనుకునేవారు. స్పెయినులోని బార్సెలోనా కేంద్రంగా 2018లో ప్రకటించిన అధ్యయనంలో 51 మందిని వెంట ఉండి గమనిస్తే 14 మందిలో ఇట్టి రెండవ జబ్బు కనిపించినది. వారి వెన్నునీటిలో వైరసు లేదు. ఉన్నవి ప్రతిదేహాలు, అనగా శత్రువును పట్టడానికి శరీరం తయారుచేసే ఆయుధాలు. అవి దారితప్పి తమ మెదడు కణాలనే పట్టుకున్నవి. దీనికి ఎసైక్లోవిర్ పనికిరాదు. ప్రతిదేహాలను అణచే మందులు వేరే ఉన్నవి, అవి పనిచేస్తాయి. కాబట్టి జ్వరం తగ్గిన రెండు నెలల దాకా ఇంట్లోవారు, బడిలోవారు ఇట్టి మార్పును కనిపెట్టి ఉండడం ఉత్తమాట కాదు.

అడవి అంచున

ఇక సత్తుపల్లి సంగతి. ఖమ్మం జిల్లాకు తూర్పు కొసన, ఒక పక్క బొగ్గు గనులు, ఒక పక్క అశ్వారావుపేట అడవులు, మరొక పక్క ఆంధ్రప్రదేశ్ సరిహద్దు గల పట్టణమిది. ఇట్టి చోట జ్వరంతో స్పృహ తప్పిన మనిషిని చూడగానే వైద్యునికి మొదట తోచవలసినది మలేరియా; భద్రాచలం మన్యంలో తలకెక్కే మలేరియాకు చాల పాత చరిత్ర ఉన్నది, దానికి మందూ ఉన్నది. రెండవది జపాను మెదడువాపు. వరిమళ్ళ దోమల ద్వారా వచ్చే ఈ జబ్బును మన దేశంలో 1955లో తమిళనాడులోని వేలూరు ప్రాంతంలోను, దానిని ఆనుకొని ఉన్న ఆంధ్ర జిల్లాలలోను మొదట గుర్తించారు. దీనికి టీకా ఉన్నది గాని, వైరసును చంపే మందు నేటికీ లేదు. మూడవది చాందీపుర వైరసు. 2003 వేసవి చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగరం, వరంగల్లు వైపు, 329 మంది పిల్లలు జబ్బుపడి 183 మంది చనిపోయారు. కారణం ఈ వైరసేనని పుణే శాస్త్రజ్ఞులు తెలియజేశారు. దానికీ మందు లేదు.

ఇన్ని పెద్ద జబ్బుల మధ్య ఏటా పదిమందికి వచ్చే హెర్పిస్ మరుగున పడిపోవడం సహజం. కాని మందు ఉన్న వైరసు మెదడువాపు ముఖ్యంగా ఇదొక్కటే అనే సంగతి మరువరాదు. 2002లో ఫ్రాన్సు వైద్యులు 93 మంది పెద్దల చరిత్రలు పరిశీలించి, ఆసుపత్రిలో చేరిన రెండు రోజులు దాటాక మందు మొదలైన వారి గతి అధ్వాన్నమని తేల్చారు. మొదటి రోజులలో వెన్నునీటి పరీక్షలో వైరసు దొరకకపోవచ్చును. స్కానులోను మచ్చ కనిపించకపోవచ్చును. అందుచేత అనుమానం కలగగానే మందు మొదలుపెట్టి, పరీక్షలు తరువాత చూడవలెనని వైద్యగ్రంథాలు చెబుతున్నవి. మాత్రలు చాలవు, మింగిన మందులో అయిదవ వంతు కూడా రక్తంలోకి చేరదు. రక్తనాళంలోకి రోజుకు మూడుసార్లు, 14 మొదలు 21 రోజులు ఎక్కించాలి. ఈ మందు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల పట్టికలో ఉన్నది. కొరత ఎక్కువగా మందుకు కాదు, అనుమానానికి. జ్వరంతోపాటు మాట తడబడడం, తెలిసినవారిని పోల్చుకోలేకపోవడం, లేని వాసన వస్తున్నదనడం, వింతగా ప్రవర్తించడం ఒకటి రెండు రోజులలో కనిపిస్తే గాలి సోకిందని కాలయాపన చేయక పెద్ద ఆసుపత్రికి పోవలెను. గంటలు గడిచినకొద్దీ పోయేవి జ్ఞాపకాలు.

ఇట్టి జబ్బునుండి కోలుకున్న విద్యార్థి తరగతిలో తిరిగి కూర్చున్నప్పుడు చూడడానికి ఏ లోపమూ కనిపించదు. జబ్బుకు ముందు నేర్చిన ఎక్కాలు అప్పగిస్తాడు. సైకిలు తొక్కుతాడు. ఇప్పుడే చెప్పిన వాక్యాన్ని తిరిగి చెబుతాడు. మరునాడు మాత్రం నిన్న పాఠం జరిగిన సంగతే ఎరుగనంటాడు. అశ్రద్ధ అనీ, అబద్ధం అనీ అనుకోవడం చాల తేలిక. దెబ్బకొడితే దెబ్బ సంగతీ రేపటికి నిలవకపోవచ్చును, భయం మాత్రం నిలుస్తుంది. భయం వేరొక భాగంలో దాగుతుంది.

ఇట్టివారికి ఎట్లా నేర్పవలెను? ఇంగ్లండులో అలన్ బాడెలీ, బార్బరా విల్సన్ 1994లో ప్రకటించిన ఒక ప్రయోగం దీనికి దారి చూపినది. జ్ఞాపకం దెబ్బతిన్న రోగులకు కొన్ని మాటలు నేర్పారు. ఒక పద్ధతిలో మొదటి రెండక్షరాలు చెప్పి, మిగతాది ఊహించమని, తప్పితే సరిదిద్దారు. రెండవ పద్ధతిలో ఊహకు తావు ఇవ్వక, సరియైన మాటను ముందే చెప్పి వ్రాయించారు. రెండవ పద్ధతిలో వారు చాల బాగా నేర్చుకున్నారు. కారణం ఇది: మనము తప్పు చెప్పినప్పుడు అది తప్పని గుర్తుంచుకొని మానుకుంటాము. వారికి తప్పు అని దిద్దిన సంగతి నిలవదు, తమ నోట వచ్చిన మాట మాత్రం చేతి అలవాటువలె లోపల నిలిచిపోతుంది. మరునాడు అదే తప్పు మరింత ధైర్యంగా చెబుతారు. మన బళ్ళలో చెప్పుకో చూద్దాం అని పిల్లవానిని ఊరించి అడగడం ఉపాధ్యాయునికి ముచ్చట. ఈ ఒక్క పిల్లవాని విషయంలో ఆ ముచ్చట మానుకొని, పుస్తకం తెరిచి, జవాబును వ్రేలితో చూపించి చదివించవలెను. మరునాడు మళ్ళీ చూపించవలెను. రోజులో ఏ గంటకు ఏమి చేయాలో వ్రాసిన చిన్న పుస్తకం ఒకటి అతని జేబులో ఉండవలెను. దానిని తీసి చూసే పనిని మాత్రం రోజూ ఒకే వేళకు, ఒకే విధంగా, అద్దంలో నక్షత్రం దిద్దించినట్లు, చేతికి అలవాటు అయ్యేదాకా చేయించవలెను.